ఏటిగట్టు మీద పడవలకి చోటిస్తే అద్దె ఎంత అడగాలి? మొదటి నుంచి లెక్క

మాది గోదావరి వశిష్ఠ పాయ పక్కన కొబ్బరితోట, ఇరవై సెంట్లు, ఏటి వైపు అరవై అడుగుల ముఖం ఉంటుంది. నాన్నగారున్నప్పుడు ఎవరైనా వచ్చి పడవ కట్టుకుంటామండి అంటే "కట్టుకోండ్రా, పోయేదేముంది" అనేవారు, అద్దె మాట లేదు, సంక్రాంతికి చేపలు తెచ్చిపెట్టేవాళ్లు అంతే. నా చేతికొచ్చాక ఒకాయన రెండు ఫైబర్ బోట్లు పెట్టుకుంటానని వచ్చాడు, నెలకి మూడు వేలు అన్నాడు, నేను సరే అన్నాను, కాగితం లేదు. ఏడాది తిరిగేసరికి రెండు బోట్లు ఐదయ్యాయి, వలలకి ఒక షెడ్డు లేచింది, డీజిల్ డ్రమ్ములు వచ్చాయి, అద్దె మాత్రం అదే మూడు వేలు. ఆ ఏడాది వచ్చిన వరదకి కొబ్బరిచెట్టుకి కట్టిన మోకు బోటుతో పాటు చెట్టునీ లాగేసింది, గట్టు కూడా కొంత జారింది, అడిగితే "ఏరొచ్చిందండి బాబూ, నేనేం చేస్తాను" అన్నాడు. ఆయన తప్పుకంటే నా తప్పే ఎక్కువ, ఎందుకంటే నేను దేనికి అద్దె తీసుకుంటున్నానో నాకే తెలీదు. తర్వాత కూర్చుని కట్టిన లెక్క ఇది. గోదావరి పాయల మీదో కృష్ణ ఒడ్డునో ఉప్పుటేరు పక్కనో సొంత జాగా ఉన్నవాళ్లకీ, ఆ జాగా అద్దెకి అడిగే బోటు ఓనర్లకీ ఇద్దరికీ పనికొస్తుందని రాస్తున్నా.

మొదటి పని: మీదేంటి, మీది కానిదేంటి

నీళ్లు మీవి కావు, నీళ్ల కింద నేల కూడా మీది కాదు. మన దగ్గర 1905 నాటి భూ ఆక్రమణల చట్టం రెండో సెక్షన్లోనే నదులు, వాగులు, చెరువులు, కాలవల అడుగు నేల, పోటు నీళ్లు ఎక్కే గీత కింద ఉన్న సముద్రపు నేల ప్రభుత్వానివని రాసుంది. కాబట్టి "నా జాగా ముందు ఏట్లో లంగరేశావు, డబ్బులు కట్టు" అనడానికి లేదు. మనం అద్దెకిచ్చేది గట్టు, గట్టు మీదకి దారి, పడవ ఎక్కించే చోటు, గుంజ, లైటు, కాపలా, ఇవే. ఈ ముక్క బుర్రలో పెట్టుకుంటే సగం గొడవలు ఉండవు.

పాసుపుస్తకం తీసి చూడండి, సర్వేయర్ని పిలిచి హద్దు రాళ్లు వేయించండి. ఏరు మేట వేసిన చోట జాగా పెరిగినట్టు కనిపిస్తుంది, కోత కోసిన చోట కాగితం మీద ఉన్నది నేల మీద ఉండదు. మా ఇరవై సెంట్లలో కొంత ఇప్పుడు ఏట్లోనే ఉంది, దానికీ శిస్తు కట్టిన సంవత్సరాలున్నాయి మరి. వరద గట్టు ఇరిగేషన్ వాళ్లదైతే దాని మీద గుంజ పాతే హక్కు కూడా మనకి ఉండదు.

ఇంకోటి, సముద్రపు పోటు నీళ్లు వచ్చే పాయ అయితే తీరం దగ్గర కట్టడాలకి హద్దులు పెట్టే సీఆర్‌జెడ్ వర్తిస్తుంది. 2019 నోటిఫికేషన్ ప్రకారం ఉప్పుటేర్ల ఒడ్డున 50 మీటర్లు, లేదా ఆ పాయ వెడల్పు, రెండిట్లో ఏది తక్కువైతే అంతవరకు. పోటు ప్రభావం ఎక్కడిదాకా అనేది వేసవిలో, నీళ్లలో ఉప్పు వెయ్యికి 5 పాళ్లు ఉండే చోటిని బట్టి తేలుస్తారు. ఆ గీత లోపల పడవ లాక్కుని పెట్టుకోవడం వేరు, కాంక్రీటు పోసి షెడ్డు కట్టడం వేరు, రెండోదానికి పర్మిషన్ లేకుండా దిగారంటే అద్దె డబ్బులన్నీ నోటీసులకే పోతాయి.

తరాలుగా అక్కడ పడవ లాగి వలలు ఆరేసుకునే చేపలవాళ్లు ఉంటే వాళ్ల జోలికి వెళ్లొద్దు. ఇది దయతో చెప్పే మాట కాదు, 1882 ఈజ్‌మెంట్స్ చట్టంలో ఇంకొకరి జాగాని ఆచారాన్ని బట్టి వాడుకునే హక్కు ఉంది, ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా హక్కుగా వాడుకుంటే వచ్చే హక్కు కూడా ఉంది. మా గట్టున రెండు నావలు నేను పుట్టకముందు నుంచీ ఉన్నాయి, వాటిని లెక్కలోంచి పక్కన పెట్టేశాను, మిగిలిన చోటుకే అద్దె.

రెండోది: టేపు పట్టుకుని దిగండి

అద్దె అడిగే ముందు ఎన్ని బోట్లు పడతాయో తెలియాలి, కంటి లెక్క పనికిరాదు. బోటు పొడవు వెడల్పు మాత్రమే కొలిచి ఊరుకుంటే మోసపోతారు. చుట్టూ మనిషి తిరగాలి, రంగు వేయాలి, ఇంజన్ దింపాలి, అందుకని అన్ని వైపులా మూడేసి అడుగులు కలపండి.

ముప్పై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉన్న ఫైబర్ బోటు తీసుకుందాం. 36 × 14 = 504 చదరపు అడుగులు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు కదా, అంటే బోటు ఒక్కటే సెంటు పైన తింటుంది. దాన్ని ఏటిదాకా లాగే దారి ఉమ్మడిగా ఉంటుంది, దాని వాటాగా ఇంకో సగం కలిపితే 756. మా ఇరవై సెంట్లలో వాలు పోగా, చెట్లు ఉంచుకున్న చోటు పోగా వాడుకోడానికి పన్నెండు సెంట్లు తేలింది, అంటే 5,227 చదరపు అడుగులు, 756తో భాగిస్తే దాదాపు ఏడు. నేను ఆరే అనుకున్నా. ఏడోది ఇరికిస్తే నిప్పంటుకున్న రోజున ఒక్కటి కూడా బయటకి రాదు, 2023 నవంబర్లో విశాఖ ఫిషింగ్ హార్బర్లో పక్కపక్కనే కట్టిన బోట్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుని పదుల సంఖ్యలో తగలబడ్డాయి, అది చూశాక ఇరికించాలనే ఆశ చచ్చిపోయింది.

గట్టు మీద పెట్టేవి ఒక లెక్క, నీళ్లలో ఉండి గట్టుకి కట్టేవి ఇంకో లెక్క. రెండోదాంట్లో ఖరీదైనది సెంట్లు కాదు, ఏటి ముఖం. మా అరవై అడుగుల ముఖానికి బోట్లు ముక్కు గట్టుకి పెట్టి కడితే ఒక్కోదానికి పన్నెండు అడుగులు చాలు, ఐదు పడతాయి. అదే గట్టు వెంట పక్కకి కడితే ఒక్కోటి 36 అడుగులు తింటుంది, ఒకటి పెట్టి రెండోది పెట్టబోతే చోటు లేదు. అద్దె మాట్లాడేటప్పుడే ఎలా కట్టాలో చెప్పేయాలి, లేకపోతే మొదట వచ్చినవాడు అడ్డంగా కట్టేసుకుంటాడు, మిగతా వాళ్లకి మీరు ఇచ్చేది గాలి.

మూడోది: కింద గీత, అంటే ఇంతకంటే తగ్గితే మీకు నష్టం

ఇక్కడి నుంచి వేసే అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

పన్నెండు సెంట్లలో ఎనిమిది కొబ్బరిచెట్లు పోయాయనుకోండి. చెట్టుకి ఏడాదికి 80 కాయలు, కాయ 12 రూపాయలు, 7,680 వస్తుంది, దింపు కూలీ ఎరువు తీసేస్తే ఆరు వేలు అనుకుందాం. అంటే నేల వదులుకున్నది ఆరు వేలే, చాలామంది ఇక్కడే ఆగిపోయి "ఏముందిలే" అనుకుంటారు. గట్టు ఖర్చు చూడండి, వరద పోయాక బురద తీయించాలి, జేసీబీ పెట్టి చదును చేయించాలి, ఇసుక బస్తాలు వేయించాలి, పదిహేను వేలు. రాత్రి కాపలా, లైటు, కెమెరాలో మన వాటా ఇరవై నాలుగు వేలు. పన్నులు, కాగితాలు మూడు వేలు. మొత్తం 48,000.

ఆరు బోట్లు పన్నెండు నెలలు అంటే 72 బోటు-నెలలు, కానీ ఎప్పుడూ నిండుగా ఉండదు. అరవై శాతం నిండుతుందనుకుంటే 43. 48,000ని 43తో భాగిస్తే బోటుకి నెలకి సుమారు 1,100 రూపాయలు. ఇది కింద గీత. నేను ఐదు బోట్లకి మూడు వేలు తీసుకున్నానంటే బోటుకి ఆరు వందలు, అంటే ప్రతి నెలా జేబులోంచి వేసి మరీ పెట్టించుకున్నానన్నమాట.

నాలుగోది: పై గీత, అంటే బోటు ఆయనకి మీ జాగా వల్ల ఎంత మిగులుతుంది

అందరూ వదిలేసేది ఇదే, అసలు బేరం అంతా ఇక్కడే ఉంది. మీ దగ్గర చోటు లేకపోతే ఆయన ఏం చేస్తాడో ఆయన్నే అడగండి, టీ తాగుతూ అడిగితే చెప్తాడు. దూరంగా ఉన్న రేవులో పెట్టాలి, నెలకి ఇరవై ఐదు రోజులు వెళ్లిరావాలి, పెట్రోలు రోజుకి 60 వేసుకుంటే 1,500. అక్కడ రాత్రి పడుకునే మనిషికి వాటా వెయ్యి. ఇంజన్, వలలు ఇంటికి మోసుకెళ్లి మళ్లీ తేవడానికి ఆటో ఐదు వందలు. మొత్తం మూడు వేలు. అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా ఆయన ఆ రేవుకే పోతాడు, పోవాలి కూడా.

సరైన అద్దె 1,100కీ 3,000కీ మధ్య ఎక్కడో ఉంటుంది. మధ్యలో కోస్తే 2,050, నేను రెండు వేలు అన్నాను. చుట్టుపక్కల ఇంకో ముగ్గురు చోటిచ్చేవాళ్లుంటే కిందకి జరుగుతుంది, ఏడాది పొడవునా నీళ్లుండే లోతైన ఒడ్డు మీదొక్కరిదే అయితే పైకి జరుగుతుంది. పాటు సమయంలో, అంటే పోటు నీళ్లు వెనక్కి తగ్గాక, బురద తేలి మోకాలు లోతు దిగబడే ఒడ్డైతే పై గీతే పడిపోతుంది, ఎందుకంటే ఆయన పోటు కోసం కూర్చోవాలి, ఆ గంటలు ఆయన వేట గంటలు.

అద్దె తేల్చేటప్పుడు రేవు వేలం పాట రేటు చూపించి "అక్కడ ఇన్ని లక్షలు పలికింది" అనేవాళ్లు ఉంటారు, ఆ పోలిక తప్పు. పంటు మీద జనాన్ని, బళ్లని దాటించి టోలు వసూలు చేసుకునే హక్కుకి పాడిన పాట అది, గట్టు మీద నేలకి కాదు. భూమి ధర మీద శాతం వేసే పద్ధతి కూడా మన దగ్గర సరిగ్గా కుదరదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం నీటి కింద నేలకి అద్దె కట్టడానికి ఒక ఫార్ములా పెట్టుకుంది, పక్కనున్న గట్టు భూమి విలువ చదరపు అడుగుకి ఎంతో చూసి, దాన్ని లీజు తీసుకున్న నీటి విస్తీర్ణంతో హెచ్చించి, అందులో 30 శాతం తీసుకుని, దాని మీద రాబడి రేటు వేస్తారు. అక్కడ ఆ నేల రాష్ట్రానిది, పన్ను కోసం అసెసర్ అనే అధికారి కట్టిన విలువ ఉంటుంది, అద్దె తీసుకునేది కూడా రాష్ట్రమే, కాబట్టి నడుస్తుంది. కోనసీమలో భూమి ధరకీ దాని మీద వచ్చే కౌలుకీ సంబంధమే ఉండదు. అయినా సరిచూసుకోడానికి ఒకసారి వేశా, సెంటు 40,000 అనుకుంటే పన్నెండు సెంట్లు 4,80,000, ఐదు శాతం అంటే ఏడాదికి 24,000, బోటు-నెలకి 560. నా ఖర్చులకే సరిపోదు. ధర మీద శాతం చూపించి ఎవరైనా తగ్గించమంటే ఈ లెక్క వాళ్ల ముందు వేయండి.

ఐదోది: అడుగుకా, చదరపు అడుగుకా

రెండు వేలని ముప్పై అడుగులతో భాగిస్తే అడుగుకి 67 రూపాయలు, చెప్పడానికి తేలిక. కానీ నలభై అడుగుల పొడవు పన్నెండు అడుగుల వెడల్పు బోటు వచ్చిందనుకోండి, పొడవు లెక్కన 2,680 అవుతుంది. అదే చుట్టూ ఖాళీతో కలిపి కొలిస్తే 46 × 18 = 828, మొదటి బోటుకి 1.64 రెట్లు, అంటే దాదాపు 3,300 రావాలి. ఆరు వందలు పోయింది చూశారా. గట్టు మీద పెట్టేవాటికి విస్తీర్ణం లెక్క, నీళ్లలో ముక్కు పెట్టి కట్టేవాటికి వెడల్పు లెక్క, పక్కకి కట్టేవాటికి పొడవు లెక్క, నేనైతే ఈ మూడూ విడివిడిగా అట్ట మీద రాసి గుంజకి తగిలించాను.

ఆరోది: నెలలన్నీ ఒకటి కాదు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకీ, ఇంజన్ పడవలకీ సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలు బోట్లన్నీ గట్టెక్కుతాయి, రిపేర్లు, రంగులు, అన్నీ అప్పుడే, చోటుకి గిరాకీ కూడా అప్పుడే. అప్పుడే రేటు పెంచాలనిపిస్తుంది, కానీ వాళ్లకి సంపాదన లేనిది కూడా అప్పుడే కదా. నేను చేసింది ఏంటంటే ఏడాది పొడవునా ఉండేవాళ్లకి ఆ రెండు నెలలు సగం అద్దె, ఆ రెండు నెలల కోసమే వచ్చేవాళ్లకి పూర్తి అద్దె, పైన రంగు డబ్బాలు, ఫైబర్ చెత్త ఎత్తించడానికి బోటుకి ఐదు వందలు. ఎవరూ గొణగలేదు.

తర్వాత వరద నెలలు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. మీ గట్టు ఏ హెచ్చరికకి మునుగుతుందో ఊళ్లో పెద్దవాళ్లకి తెలుస్తుంది, దాన్నే అగ్రిమెంట్లో రాయండి. మా దగ్గర రెండో హెచ్చరిక పడితే అద్దె ఆగుతుంది, బోట్లు తీసి లోపలి కాలవలోకి మార్చడం ఓనర్ బాధ్యత, హెచ్చరిక ఎగరేసిన రోజు నుంచి ఎత్తేసిన రోజు దాకా రోజు లెక్కన తగ్గింపు. వరద రోజులకి కూడా అద్దె కావాలని పట్టుబడితే బోటు ఆయన బోటు తీయడు, "డబ్బులు కట్టా కదా" అంటాడు.

ఏడోది: బోటు తెగిపోతే ఎవరిది

2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు పైన ఒడ్డున కట్టిన పెద్ద పడవలు తెగి కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకున్నాయి, గేట్లకి తూకంగా ఉండే బరువు దిమ్మలు (కౌంటర్ వెయిట్లు) దెబ్బతిన్నాయి, వాటిని బయటకి తీయడానికి రోజుల తరబడి తిప్పలు పడ్డారు, పోలీసు కేసు కూడా అయింది. ఆ వార్త చూసి నేను రాత్రికి రాత్రి వెళ్లి నా గట్టున మోకులు చూసుకున్నా.

మీరు చోటు మాత్రమే ఇస్తున్నారా, బోటుని కాపాడతానని మాటిచ్చారా, ఈ తేడా చాలా పెద్దది. తాళంచెవి తీసుకుని "నేను చూసుకుంటాలే" అంటే కాంట్రాక్ట్ చట్టం ప్రకారం బోటు మీ చేతికి అప్పగించినట్టు లెక్క, మామూలు మనిషి తన వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపించాల్సిన బాధ్యత మీద పడుతుంది. ఆ బాధ్యత తీసుకుంటే అద్దె రెండు వేలు కాదు, ఇంకా ఎక్కువ ఉండాలి. వద్దనుకుంటే "చోటు మాత్రమే, బోటు బాధ్యత ఓనర్‌దే, మోకులు గుంజకే కట్టాలి, చెట్లకి కట్టకూడదు" అని తెలుగులో స్పష్టంగా రాయండి. కాపలా మనిషిని పెట్టి డబ్బులు తీసుకుంటే ఆ కాపలా దేనికో కూడా రాయండి, దొంగతనానికా, మోకులు చూడ్డానికి కూడానా.

బోటు పెట్టుకునే ముందు రిజిస్ట్రేషన్ కాగితం, ఇన్సూరెన్స్ జిరాక్స్ తీసుకోండి. జనాన్ని ఎక్కించే టూరిస్ట్ బోటైతే 2021 ఇన్లాండ్ వెసల్స్ చట్టం కింద బోటుని పరీక్షించి ఇచ్చే సర్వే సర్టిఫికెట్ కూడా. 2019లో టూరిస్ట్ బోటు మునిగిన కచ్చులూరు ప్రమాదం చూసిన గోదావరి వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. టూరిస్ట్ బోటుకి అద్దె కూడా వేరే పద్ధతిలో పెట్టండి, ఎందుకంటే వాళ్ల జనం మీ తోటలోంచి నడుస్తారు, బళ్లు పెడతారు, బాత్రూమ్ అడుగుతారు. నెలకి స్థిరంగా కొంత, పైన ట్రిప్పుకి ఇంత అని.

ఎనిమిదోది: కాగితం

చేపల బోట్లకి నా సలహా లీజు వద్దు, లైసెన్స్ అగ్రిమెంట్ చాలు. లీజంటే నేల మీద హక్కు ఇచ్చినట్టు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఖాళీ చేయించడం కూడా పెద్ద తతంగం. లైసెన్స్ అంటే వాడుకోడానికి అనుమతి మాత్రమే. కానీ పైన లైసెన్స్ అని రాసి లోపల జాగా మొత్తం ఆయన స్వాధీనం చేస్తే పేరుని కాదు, ఉన్నదాన్నే కోర్టు చూస్తుంది.

ఇందులో ఒక గుంట ఉంది జాగ్రత్త. ఈజ్‌మెంట్స్ చట్టం 60వ సెక్షన్ ప్రకారం మీ అనుమతిని నమ్ముకుని ఆయన సొంత ఖర్చుతో శాశ్వతమైన కట్టడం కట్టుకుంటే ఆ అనుమతి వెనక్కి తీసుకోలేరు. "నా డబ్బులతోనే కాంక్రీటు ర్యాంపు వేసుకుంటానండి, మీకేం నష్టం" అని ఎంత తియ్యగా అడిగినా సరే, ర్యాంపు కావాలంటే మీరే వేయించండి, ఆ ఖర్చు ఐదేళ్లకి పంచి అద్దెలో కలపండి. లక్ష అయితే ఏడాదికి ఇరవై వేలు, 43తో భాగిస్తే బోటుకి నెలకి 465.

అద్దె ఇవ్వకపోతే బోటు పట్టేసుకోవచ్చులే అనుకోకండి, ఊరికే నిలువ ఉంచినందుకు మామూలు జాగా ఓనర్‌కి దానంతట అది పట్టుకునే హక్కు రాదు. అందుకే రెండు నెలల అడ్వాన్స్. టాక్సుల సంగతి చిన్న జాగాకి పెద్దగా తగలదు, నెలకి ఒకే మనిషి దగ్గర యాభై వేలు దాటితేనే టీడీఎస్, అంటే అద్దె ఇచ్చేవాళ్లు ముందే పట్టుకునే పన్ను. జీఎస్టీ నంబర్ ఉన్న కంపెనీకి ఇస్తే మాత్రం మీకు నంబర్ లేకపోయినా 2024 అక్టోబర్ నుంచి ఆ అద్దె మీద జీఎస్టీ వాళ్లే కట్టుకోవాల్సిన రూల్ ఉంది, బేరంలో ఆ 18 శాతం మీ అద్దెలోంచి కోయకుండా చూసుకోండి.

పెంపు ఏడాదికి ఇంత శాతం అని గుడ్డిగా రాయడం నాకిష్టం లేదు. ప్రతి జూన్ 15న, అంటే వేట మొదలయ్యే రోజున, కింద గీత పై గీత రెండూ మళ్లీ వేసుకుంటాం, బోటు వాళ్లు కూడా కూర్చుంటారు. పోయిన సారి కూర్చున్నప్పుడు పెట్రోలు లెక్క నేను తక్కువ వేశానని ఒకాయన, కాపలా మనిషి రాత్రి రెండింటికే ఇంటికి పోతున్నాడని ఇంకొకాయన పట్టుకున్నారు. మొదటి దానికి వంద పెరిగింది, రెండో దానికి నూట యాభై తగ్గింది. ఇప్పుడు 1,950 నడుస్తోంది. పాత ఫైబర్ బోట్లాయన కూడా అందులోనే ఉన్నాడు, మూడు బోట్లు, షెడ్డు లేదు.